నాలుగు గడపలకు చీలిన ఒక సంసారం: ‘సిస్టర్ వైవ్స్’ కుటుంబం ఎందుకు విడిపోయింది

ఒక భర్త, నలుగురు భార్యలు, పద్ధెనిమిది మంది పిల్లలు. అమెరికాలోని టీఎల్‌సీ చానల్ 2010 సెప్టెంబరు 26న ‘సిస్టర్ వైవ్స్’ అనే రియాలిటీ షోను మొదలుపెట్టినప్పుడు, బహుభార్యత్వంలోనూ మామూలు సంసారం సాధ్యమేనని చూపడం ఆ కుటుంబం ఉద్దేశం. పదేళ్లు దాటాక అదే షో ఆ సంసారం ముక్కలు కావడాన్ని వారం వారం చూపించింది. భర్త కోడీ బ్రౌన్‌తో బంధం తెగిపోయిందని 2021 నవంబరులో క్రిస్టీన్ ప్రకటించారు. 2022 డిసెంబరులో జనెల్ విషయం, 2023 జనవరిలో మెరీ విషయం బయటపడ్డాయి. చివరికి ఆయనతో మిగిలింది నాలుగో భార్య రాబిన్ ఒక్కరే. బహుభార్యత్వానికి ముఖచిత్రమైన మనిషి ఆచరణలో ఏకపత్నీవ్రతుడయ్యాడు.

సంక్షిప్తంగా: ఈ విచ్ఛిన్నానికి ఎక్కువమంది చెప్పే కారణాలు రెండు. ఒకటి భార్యల మధ్య అసూయ, రెండోది భర్త పక్షపాతం. ఆ రెండూ నిజమే కావచ్చు. అయితే అసూయ ఆ ఇంట్లో తొలినాళ్ల నుంచీ ఉంది, అయినా 1994 నుంచి 2010 దాకా ముగ్గురు భార్యల సంసారం నిలిచింది. కాలక్రమంలో మారినవి ఆ అసూయను అదుపులో పెట్టిన ఏర్పాట్లు: ఒకే కప్పు, ఇంటిచాకిరీకీ సంపాదనకూ మధ్య కుదిరిన సర్దుబాటు, చర్చి పెద్దరికం. కేసుల భయం, ఊళ్లు మారడం, టీవీ తెచ్చిన ఆదాయం, ఆఖరున కోవిడ్ కలిసి ఆ ఏర్పాట్లను ఒక్కొక్కటిగా తీసేశాయి.

‘సవతి’ అన్న మాట దగ్గరే మొదలయ్యే చిక్కు

షో పేరును తెలుగులో చెప్పబోతే మాట దొరకదు. ఒకే భర్త ఉన్న ఇద్దరు స్త్రీల వరసకు తెలుగులో ఉన్న మాట సవతి, దానిలోనే పోరు ఇమిడి ఉంది. సవతి పోరు, సవతి తల్లి ప్రేమ అనే పలుకుబళ్లు తెలిసినవారికి, ఒక్క పారిజాతం రుక్మిణికి చేరిందని సత్యభామ అలకపాన్పు ఎక్కిన కథ విన్నవారికి ‘అక్కచెల్లెళ్లవంటి సవతులు’ అన్న భావనే వింతగా తోస్తుంది. బ్రౌన్ కుటుంబం అనుసరించిన మతశాఖలో మాత్రం ‘సిస్టర్ వైఫ్’ అనేది గౌరవ పదం. భర్తతో బంధం ఎంత పవిత్రమో, అతని మిగతా భార్యలతో కలిసిమెలిసి బతకడమూ అంతే పుణ్యమని, పరలోకంలో కుటుంబమంతా కలిసే ఉంటుందని వారి నమ్మకం. అసూయను దిగమింగుకోవడాన్ని వారు ఒక సాధనగా చూస్తారు.

కోడీ, మెరీల పెళ్లి 1990లో చట్టబద్ధంగా జరిగింది. 1993లో జనెల్, 1994లో క్రిస్టీన్ మతపరమైన వివాహంతో వచ్చి చేరారు. ప్రభుత్వ రికార్డుల్లో ఆ రెండు పెళ్లిళ్లూ లేవు. ముగ్గురూ ఒకే రకం నేపథ్యం నుంచి వచ్చినవారు కారు. క్రిస్టీన్ ఆ శాఖలోనే పుట్టి పెరిగారు. ఆమె తాత రూలన్ ఆల్‌రెడ్ దానికి అధిపతిగా ఉండి, 1977లో ప్రత్యర్థి శాఖవారి చేతిలో హతుడయ్యారు. జనెల్ మాత్రం బహుభార్యత్వాన్ని నిషేధించిన ప్రధాన మోర్మన్ చర్చి (అమెరికాలో పుట్టిన ఒక క్రైస్తవ శాఖ) కుటుంబం నుంచి వచ్చారు. ఒకరికి పుట్టుకతో వచ్చిన ఆచారం, మరొకరికి ఎంచుకున్న మార్గం. ఆ ఆచారం మీద నమ్మకం సడలినప్పుడు ఎవరు ఎంత వదులుకోవలసి వస్తుందన్నది ఈ తేడాను బట్టే ఉంటుంది.

ఏ మోర్మన్లు వీరు?

పాఠకులు తరచూ తికమకపడే చోటు ఇదే. మోర్మన్ మత స్థాపకుడు జోసెఫ్ స్మిత్ 1843లో బహుభార్యత్వాన్ని దైవాజ్ఞగా నమోదు చేయించారు, 1852లో చర్చి దాన్ని బహిరంగంగా ప్రకటించింది. అమెరికా ప్రభుత్వం ఒకదాని వెంట ఒకటి చట్టాలు తెచ్చి, చివరికి చర్చి ఆస్తుల మీదే చెయ్యి వేయడంతో, 1890లో అప్పటి చర్చి అధ్యక్షుడు విల్ఫర్డ్ వుడ్రఫ్ కొత్తగా అలాంటి పెళ్లిళ్లు చేయబోమని ప్రకటన చేశారు. 1896లో, మోర్మన్లు ఎక్కువగా ఉన్న యూటా రాష్ట్ర హోదా పొందింది. ఆ చర్చిలో నేడు ఒక భార్య ఉండగా మరో పెళ్లి చేసుకుంటే బహిష్కరణే.

ఆ ప్రకటనను ఒప్పుకోని చిన్న వర్గాలు విడిగా కొనసాగాయి. వాటిలో ఒకదానికి నాయకుడైన వారెన్ జెఫ్స్‌కు బాలికలపై లైంగిక నేరాల కేసులో 2011లో టెక్సస్ కోర్టు యావజ్జీవ శిక్ష వేసింది. పొడుగు గౌన్లు, ఎత్తుగా దువ్విన జుట్టు, ఊరంతా ఒకే నాయకుడి ఆజ్ఞ అనే దృశ్యాలు ఆ వర్గానివి. బ్రౌన్ కుటుంబం దానికి చెందదు. వీరిది అపోస్టలిక్ యునైటెడ్ బ్రెదరెన్ అనే మరో శాఖ. ఆ శాఖవారు మామూలు దుస్తులు వేసుకుంటారు, ఉద్యోగాలు చేసుకుంటారు. ‘మేం వాళ్లలాంటివాళ్లం కాము’ అని దేశానికి చెప్పుకోవాలన్న తపనే ఈ కుటుంబాన్ని కెమెరా ముందుకు తెచ్చింది.

చట్టం తలుపు తట్టిన మర్నాడు

తొలి ఎపిసోడ్ ప్రసారమైన మర్నాడే, యూటాలో వారు ఉంటున్న లీహై పట్టణ పోలీసులు తాము విచారణ చేస్తున్నామని వెల్లడించారు. అప్పటి యూటా చట్టం మిగతా రాష్ట్రాల చట్టాలకన్నా కఠినం. పెళ్లయిన వ్యక్తి మరొకరిని పెళ్లాడినా, పెళ్లాడినట్టు చెప్పుకున్నా నేరమే, కేవలం మరొకరితో సహజీవనం చేసినా నేరమే. దానికి ఐదేళ్ల దాకా జైలు శిక్ష ఉండేది. రెండో పెళ్లికి ప్రభుత్వ లైసెన్సు తీసుకోకుండా తప్పుకునే కుటుంబాలను పట్టుకోవడానికే ఆ సహజీవనం అనే మాటను చట్టంలో పెట్టారు.

ఇక్కడ భారత చట్టంతో పోలిక ఆసక్తికరం. హిందూ వివాహ చట్టం ప్రకారం మొదటి భార్య లేదా భర్త జీవించి ఉండగా చేసుకున్న రెండో పెళ్లి చెల్లదు. అది ఏడేళ్ల దాకా శిక్ష పడే నేరం కూడా. అయితే ఆ రెండో పెళ్లి శాస్త్రోక్తమైన తంతులతో జరిగిందని రుజువు కావాలని 1965లో భావురావు లోఖండే కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. తంతు రుజువు కాకపోతే కలిసి కాపురం చేసినంత మాత్రాన ఆ నేరం నిలవదు. యూటాలో ఇందుకు సరిగ్గా తలకిందులు, తంతుతో పనిలేదు, కాపురమే నేరం. ఆంధ్ర జిల్లాలు మద్రాసు రాష్ట్రంలో ఉన్న కాలంలోనే, అంటే 1955 నాటి కేంద్ర చట్టానికి ఆరేళ్ల ముందే, 1949లో ఆ రాష్ట్రం హిందువులలో ద్విభార్యత్వాన్ని నిషేధించింది.

అమెరికాలో ఈ నిషేధాలకు మూలస్తంభం 1879 నాటి రేనాల్డ్స్ తీర్పు. మతవిశ్వాసం స్వేచ్ఛే గానీ, ఆచరణకు చట్టం హద్దులు గీయవచ్చని సుప్రీంకోర్టు అందులో చెప్పింది. దానికి ఇచ్చిన ఉదాహరణల్లో ఒకటి భర్త చితిపై భార్య కాలిపోవడం. బహుభార్యత్వం ఆసియా, ఆఫ్రికా జనుల లక్షణమనీ ఆ తీర్పు రాసింది. తర్వాత 1891 నాటి వలస చట్టం బహుభార్యత్వాన్ని ఆచరించేవారికి దేశప్రవేశం నిరాకరించింది. దాని ఛాయ ఇప్పటికీ ఉంది. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో గ్రీన్‌కార్డు దరఖాస్తు నింపే తెలుగు ఇంజినీరు, అమెరికాలో బహుభార్యత్వం పాటించే ఉద్దేశం ఉందా అన్న ప్రశ్న చూసి నవ్వుకుని ‘లేదు’ అని గుర్తు పెట్టి ముందుకు సాగిపోతాడు. ఆ ప్రశ్న అసలు ఎవరితో జరిగిన పోరాటం నుంచి పుట్టిందో అతనికి తట్టే అవకాశం తక్కువ.

పోలీసు విచారణ నేపథ్యంలో కుటుంబం 2011 జనవరిలో నెవాడా రాష్ట్రంలోని లాస్ వేగాస్‌కు తరలింది. అదే ఏడాది జులైలో యూటా చట్టాన్ని సవాలు చేస్తూ దావా వేసింది. 2013 డిసెంబరులో ఫెడరల్ జిల్లా జడ్జి క్లార్క్ వాడప్స్ సహజీవనాన్ని నేరంగా చూసే భాగం రాజ్యాంగ విరుద్ధమని కొట్టేశారు. ఆ విజయం నిలవలేదు. వారిపై కేసు పెట్టే ఉద్దేశమే లేదని స్థానిక ప్రాసిక్యూటర్ చెప్పినందున వివాదానికి అర్థమే లేదంటూ 2016లో అప్పీలు కోర్టు ఆ తీర్పును రద్దు చేసింది, 2017 జనవరిలో సుప్రీంకోర్టు జోక్యానికి నిరాకరించింది. కోర్టులో దక్కనిది ఆ తర్వాత శాసనసభలో కొంత దక్కింది. 2020లో యూటా తన చట్టాన్ని సవరించి, ఇష్టపడి కలిసి ఉండే వయోజనుల విషయంలో దీన్ని జైలు శిక్ష లేని చిన్న అతిక్రమణగా తగ్గించింది. బలవంతం, మోసం, మైనర్ల ప్రమేయం ఉంటే మాత్రం కఠిన శిక్షలు అలాగే ఉన్నాయి. అప్పటికి ఈ కుటుంబం యూటాలో లేదు. కేసు ముప్పు తగ్గిన ఏడాదే ఇల్లు లోపలి నుంచి కూలడం మొదలైంది.

ఒక కప్పు నుంచి నాలుగు కప్పులకు

లీహైలోని ఇల్లు మామూలు ఇల్లు కాదు. బయటికి ఒకే భవనం, లోపల మూడు వాటాలు, ఒక్కో భార్యకు ఒక్కో వంటగది, వాటాల మధ్య రాకపోకలకు దారి. ఇలాంటి సంసారాల కోసమే కట్టిన ఇల్లు అది. అక్కడ నడిచిన సర్దుబాటు ముఖ్యంగా జనెల్, క్రిస్టీన్‌ల మధ్య కనిపిస్తుంది. జనెల్‌కు ఉద్యోగం ఇష్టం, ఇంటిపని మీద ఆసక్తి తక్కువ. క్రిస్టీన్ ఇంటిపట్టునే ఉండి తన ఆరుగురు పిల్లలతో పాటు జనెల్ కన్న ఆరుగురికీ అన్నం పెట్టి, బడికి పంపి, చదువులు చూసుకునేవారు. జనెల్ జీతం కుటుంబ ఖర్చుల్లో కలిసేది. ఉమ్మడి కుటుంబాలు చూసినవారికి ఈ లెక్క తెలిసిందే. తోడికోడళ్లలో ఒకరు పొలం, ఒకరు పొయ్యి చూసుకున్నంతకాలం కాపురాలు ఒకే చూరు కింద సాగుతాయి. భర్త ఏ రాత్రి ఏ వాటాలో ఉన్నా, పగటి పూట పిల్లలకు తండ్రి అందుబాటులో ఉండేవాడు.

2010లో రాబిన్ రాకతో ఈ లెక్క మారింది. ఆమె మొదటి వివాహం నుంచి ముగ్గురు పిల్లలున్నారు. లీహైలో ఉండగానే ఆమెకు విడిగా అద్దె ఇల్లు తీసుకున్నారు. ఆమె పెళ్లి దుస్తులను కోడీయే దగ్గరుండి ఎంపిక చేశారన్న సంగతి సోఫాలో అందరూ వరసగా కూర్చున్న ఇంటర్వ్యూలో, కెమెరా ఎదుట, మిగతా ముగ్గురికి తెలిసింది. క్రిస్టీన్ లేచి వెళ్లిపోయారు. ఒక గౌను కోసం అంత పట్టింపా అని చూసేవారికి అనిపించవచ్చు. అయితే ఇలాంటి కుటుంబంలో గౌను విలువ ధరలో ఉండదు. ఎవరికి ఎంత దక్కిందన్న కొలత ఒక్కటే అక్కడ అందరికీ సమంగా కనిపించే ఆధారం. తమకు జరగనిది నాలుగో మనిషికి జరిగితే, లెక్క తప్పినట్టే. పారిజాతం కథలోనూ గొడవ పువ్వు ఖరీదు గురించి కాదు.

లాస్ వేగాస్‌లో మొదట నాలుగు అద్దె ఇళ్లు, తర్వాత ఒకే వీధి మలుపులో పక్కపక్కన నాలుగు సొంత ఇళ్లు వచ్చాయి. వాటాల మధ్య తలుపు పోయి నడకదారి మిగిలింది. 2018లో ఆరిజోనా రాష్ట్రంలోని ఫ్లాగ్‌స్టాఫ్‌కు మారాక ఆ నడకదారి కూడా పోయింది. నలుగురూ పట్టణంలో వేర్వేరు చోట్ల దిగారు, ఒకరింటి నుంచి ఇంకొకరింటికి కారులో వెళ్లవలసి వచ్చింది. మళ్లీ అందరికీ కలిపి ఒకే పెద్ద ఇల్లు కడదామని కోడీ నమూనా చిత్రాలతో ప్రతిపాదిస్తే, గట్టిగా వద్దన్నది క్రిస్టీన్. ఒకే కప్పు కింద బతికిన కాలం ఎలాంటిదో తెలిసినవారే దానికి తిరిగి వెళ్లనన్నారన్నది గమనించదగ్గ విషయం.

కూడికలు తీసివేతలు చూస్తే చిత్రం ఇంకా స్పష్టమవుతుంది. నాలుగు ఇళ్లకు రోజులు సమంగా పంచితే ఏడాదిలో ఒక్కో ఇంటికి తొంభై ఒక్క రోజులు వస్తాయి. ఒకే భవనంలో ఆ తొంభై ఒకటి రాత్రుల లెక్క మాత్రమే. వేర్వేరు ఇళ్లలో అది తండ్రి హాజరు లెక్క అవుతుంది. మిగిలిన రెండు వందల డెబ్బై నాలుగు రోజులు ఆ ఇల్లు ఒంటరి తల్లి ఇల్లే. పిల్లలు పెద్దవాళ్లయ్యే కొద్దీ జనెల్, క్రిస్టీన్‌ల మధ్య ఉన్న చాకిరీ మార్పిడికి కూడా అవసరం తీరిపోయింది. అప్పుడు ప్రతి భార్య ముందూ ఒకే ప్రశ్న మిగిలింది: పంచుకోవడం వల్ల పోయేది కనిపిస్తోంది, వచ్చేది ఏమిటి?

2014 నాటి ఒక కాగితం

నలుగురిలో చట్టం గుర్తించిన భార్య ఒక్కరే ఉండగలరు. 2014 దాకా ఆ స్థానం మెరీది. రాబిన్ మొదటి వివాహపు పిల్లలను కోడీ చట్టబద్ధంగా దత్తత తీసుకోవాలంటే ఆయన వారి తల్లికి చట్టబద్ధ భర్త కావడం సులువైన దారి. అందుకోసం మెరీ, కోడీ విడాకులు తీసుకున్నారు. ఏడాది చివర, డిసెంబరులో, రాబిన్‌తో రిజిస్టరు వివాహం జరిగింది. మతపరంగా ఏమీ మారలేదని, ఇది కాగితం మార్పు మాత్రమేనని నలుగురూ అన్నారు.

ఆ కాగితం బరువు అన్నది అంత తేలిక కాదు. ఆరోగ్య బీమా, వారసత్వం, ఆస్పత్రిలో సంతకం పెట్టే హక్కు, విడిపోతే ఆస్తిలో వాటా అన్నీ దానితోనే నడుస్తాయి. నెవాడా, ఆరిజోనా రెండూ వివాహకాలంలో సంపాదించిన ఆస్తిని దంపతుల ఉమ్మడి ఆస్తిగా చూసే రాష్ట్రాలు. ఆ రక్షణ చట్టబద్ధ భార్యకే వర్తిస్తుంది. పెద్ద భార్య అన్న హోదాకు ఉన్న ఒకే లౌకిక ఆధారం ఆ రోజుతో చివరి భార్యకు మారింది. మెరీ త్యాగం చేశారని ఒక వర్గం, పిల్లల భద్రత కోసం తప్పనిసరైన పని అని మరో వర్గం ఇప్పటికీ వాదిస్తాయి. రెండు మాటల్లోనూ నిజం ఉంది. మరుసటి ఏడాదే అంతర్జాలంలో మారుపేరుతో పరిచయమైన వ్యక్తి చేతిలో మెరీ మోసపోయిన ఉదంతం బయటపడింది. ఆ తర్వాత ఆమెకూ కోడీకీ మధ్య దాంపత్యం పేరుకు మాత్రమే మిగిలిందని ఇద్దరూ షోలోనే ఒప్పుకున్నారు.

నాలుగిళ్ల మనిషికి క్వారంటైన్

2020లో వచ్చిన కోవిడ్ అన్ని కుటుంబాలనూ పరీక్షించింది గానీ, ఇలాంటి కుటుంబానికి దాని తర్కమే పొసగదు. వైరస్ జాగ్రత్త అంటే ఒక ఇల్లు, ఒక గుంపు, బయటివారితో కలవకపోవడం. బహుభార్యత్వమంటే ఒక మనిషి నాలుగు ఇళ్లు తిరగడం. రెండూ ఒకేసారి నడవాలంటే నాలుగు ఇళ్లూ ఒకే కట్టడి పాటించాలి. కోడీ అలాంటి నియమాల జాబితానే పెట్టారు. వచ్చిన ఉత్తరాలు, సరుకులు తుడవడం దగ్గర నుంచి బయటికి ఎవరు వెళ్లవచ్చన్న దాకా అందులో ఉన్నాయి. జనెల్ ఇంట్లో పనులకు వెళ్లే ఎదిగిన కొడుకులున్నారు, క్రిస్టీన్ పిల్లలు వేరే రాష్ట్రాల్లోని తోబుట్టువుల దగ్గరకు వెళ్లివచ్చేవారు. ఆ నియమాలు పూర్తిగా సాగింది రాబిన్ ఇంట్లోనే, ఆయన ఎక్కువకాలం ఉన్నదీ అక్కడే.

జాగ్రత్తగా ఉన్న ఇంట్లో ఉన్నానని ఆయన వాదన. ఉండాలనుకున్న ఇంటికి తగ్గట్టు నియమాలు రాసుకున్నారని మిగతావారి అనుమానం. జనెల్ కొడుకులను వేరుగా ఉండమని కోరడం తండ్రీకొడుకుల మధ్య దూరాన్ని పెంచింది. క్రిస్టీన్ కూతురికి వేరే రాష్ట్రంలో పెద్ద శస్త్రచికిత్స జరిగినప్పుడు ప్రయాణం ప్రమాదమని తండ్రి వెళ్లలేదు. క్రిస్టీన్ విషయంలో తెగిన దారం అదేనని షో చూసినవారిలో చాలామంది భావిస్తారు. అంతకుముందు పాతికేళ్లుగా వంతుల లెక్కలో ఎక్కడో ఒకచోట సర్దుకుపోయే తేడాలు, వంతులే ఆగిపోయేసరికి కళ్లకు కట్టినట్టు కనిపించాయి. ఎవరి ఇల్లు ఆయన ఇల్లు అన్న ప్రశ్నకు జవాబు మొదటిసారి అందరికీ తెలిసింది.

ఆ తర్వాతి దృశ్యం చిన్నదే. క్రిస్టీన్ తన ఇంట్లో ఉన్న కోడీ వస్తువులను పెట్టెల్లో సర్ది గరాజ్‌లో పెట్టించారు. విడాకుల నోటీసు లేదు, లాయరు లేడు. చట్టం ఎరుగని పెళ్లి కాబట్టి, సామాను గది మారడంతోనే అది ముగిసింది.

కెమెరా ఏం చేసింది

రియాలిటీ షో ఈ సంసారాన్ని చెడగొట్టిందా అన్నది తేలికైన ప్రశ్న, తేలని ప్రశ్న. షో ఎలా పనిచేస్తుందన్నది పరిశీలించడం వల్ల ప్రయోజనం ఎక్కువ. ఇలాంటి కుటుంబాల్లో ఒక అలిఖిత మర్యాద ఉంటుంది. భర్తతో తన బంధంలోని మంచిచెడ్డలు ఒక భార్య మరొక భార్యకు చెప్పదు. తెలియకపోవడమే అసూయకు మందు. షో ప్రక్రియ దీనికి పూర్తి విరుద్ధం. ప్రతి ఒక్కరినీ విడిగా కూర్చోబెట్టి మిగతావారి గురించి అడుగుతారు, ఆ జవాబులన్నీ ఒకచోట కూర్చి ప్రసారం చేస్తారు. పెరటి గోడకు ఇవతల అన్న మాట అవతలివారికి, వారితో పాటు దేశమంతటికీ చేరుతుంది.

రెండో అంశం కాలం తేడా. చిత్రీకరణకూ ప్రసారానికీ మధ్య ఏడాది, అంతకన్నా ఎక్కువ వ్యవధి ఉంటుంది. క్రిస్టీన్ విడిపోతున్నట్టు 2021 నవంబరు మొదట్లో ప్రకటించారు. కోవిడ్ నాటి గొడవలతో నిండిన పదహారో సీజన్ అదే నెలలో మొదలైంది. ప్రేక్షకుడు ముగింపు తెలిసిన కథలో కారణాలు వెతుక్కుంటూ చూశాడు. భార్యాభర్తలూ అంతే. మానడం మొదలైన గాయాన్ని ఏడాది తర్వాత ప్రసారం మళ్లీ రేపుతుంది, దాని మీద మళ్లీ ఇంటర్వ్యూ ఉంటుంది. విడిపోవడానికి పట్టిన కాలం కన్నా, విడిపోవడం గురించి మాట్లాడుతూ గడిపిన కాలం ఎక్కువ.

మూడోది డబ్బు. అమెరికా టీవీకి సంసారం చెడటం కొత్త సరుకు కాదు. ఇదే చానల్‌లో ఎనిమిది మంది పిల్లల జంట జాన్, కేట్ 2009లో విడిపోతున్నట్టు చెప్పిన ఎపిసోడ్‌ను కోటి మందికి పైగా చూశారు. ఆ జంట విషయంలో విడాకులతో షో రూపం మారి కుంగింది. బ్రౌన్ కుటుంబం విషయంలో విడిపోవడమే షోకు కొత్త ఊపిరి. పదేళ్లుగా చప్పబడిన కార్యక్రమం పదహారో సీజన్ నుంచి మళ్లీ చర్చల్లోకి వచ్చింది. అయితే ఈ డబ్బుకు రెండో ముఖం కూడా ఉంది. షో వల్ల వచ్చిన పేరు భార్యలకు సొంత సంపాదన దారులు తెరిచింది. మెరీ 2017లో యూటాలోని పరోవాన్‌లో తన పూర్వీకుల ఇంటిని కొని బసగృహంగా నడిపారు. క్రిస్టీన్, మెరీ ఆన్‌లైన్‌లో దుస్తులు అమ్మారు. క్రిస్టీన్‌కు విడిగా వంటల కార్యక్రమం దక్కింది. బహుభార్యత్వపు ఇళ్లలో స్త్రీ బయటపడలేకపోవడానికి ముఖ్య కారణాలు చేతిలో డబ్బు లేకపోవడం, తన వాళ్లంతా ఆ వర్గంలోనే ఉండడం. టీవీ మొదటిదాన్ని తీర్చింది, ఊరు మారడం రెండోదాన్ని సడలించింది. లాస్ వేగాస్‌కు వెళ్లాక చర్చి పెద్దలతో నిత్యసంబంధం తగ్గి, తగవు వస్తే తీర్చేవారు గానీ, వెళ్లిపోతానంటే ఆపేవారు గానీ పక్కన లేకుండా పోయారు.

విడిపోయినప్పుడు ఎవరికేం దక్కుతుంది

మతపరమైన వివాహంలో చేరడం ఎంత సులువో చట్టం కంట దాని నుంచి బయటికి రావడమూ అంతే సులువు. కష్టం పంపకాల దగ్గర. భరణం అడిగే హక్కు లేదు, ఉమ్మడి ఆస్తి అన్న సూత్రం వర్తించదు. పిల్లల పోషణ హక్కు మాత్రం తల్లిదండ్రుల పెళ్లితో సంబంధం లేకుండా ఉంటుంది. మిగిలినదంతా దస్తావేజుల మీద ఎవరి పేరుందన్న దాన్ని బట్టే. వేర్వేరు ఇళ్లు కొన్నప్పుడు భార్యల పేర్లు పత్రాల మీదికి రావడం ఇక్కడ అక్కరకొచ్చింది. క్రిస్టీన్ తన పేరున ఉన్న ఫ్లాగ్‌స్టాఫ్ ఇంటిని అమ్ముకుని యూటాకు మారిపోగలిగారు. సంపాదనంతా ఉమ్మడిలో కలిపి, పెట్టుబడి పెట్టిన ఇంటి మీద తన పేరు ఉందో లేదో చూసుకోకపోతే ఏమవుతుందో జనెల్ తర్వాతి సీజన్లలో బాహాటంగానే చెప్పారు.

ఇక్కడే రాబిన్ వైపు మాట కూడా చెప్పాలి. తాను కోరుకున్నది పెద్ద కుటుంబాన్నేనని, నలుగురూ కలిసి ముసలివాళ్లం కావాలనుకున్నానని, చివరికి ఒంటరి భార్యగా మిగలడం తనకూ నష్టమేనని ఆమె షోలో పదేపదే అన్నారు. ప్రేక్షకుల్లో ఎక్కువమంది నమ్మలేదు. కానీ నాలుగో భార్యగా వచ్చిన మనిషికి మొదటి ముగ్గురి మధ్య అప్పటికే పదహారేళ్లుగా పేరుకున్న లెక్కలు వారసత్వంగా వచ్చాయన్నది కాదనలేం. 

మిగిలిందేమిటి

క్రిస్టీన్ 2023 అక్టోబరులో యూటాలోని మోయాబ్‌లో డేవిడ్ వూలీని పెళ్లాడారు, ఈసారి చట్టబద్ధంగా. ఆమెకూ జనెల్‌కూ మధ్య స్నేహం మాత్రం తెగలేదు. ఒకరు వండి, ఒకరు సంపాదించి పన్నెండు మంది పిల్లలను పెంచిన ఆ ఇద్దరూ భర్త లేకుండానే ఒకరికొకరు కుటుంబంగా కొనసాగుతున్నారు. సవతులుగా ఉండటానికి కారణమైన మనిషి పక్కకు తప్పుకున్నాక కూడా ఆ వరస నిలిచింది. ‘సిస్టర్ వైవ్స్’ అనే పేరులో మొదటి మాటకు రుజువంటూ ఉంటే ఇదే.

మిగతా బహుభార్యత్వ కుటుంబాల మీద దీని ప్రభావం ఎలా ఉండవచ్చన్నది రెండు వైపులా కనిపిస్తోంది. 2020 సవరణ తర్వాత యూటాలోని ఆ కుటుంబాలకు పోలీసు భయం తగ్గింది, సాయం అడగడానికి ముందుకు రావడం సులువైంది. వారి జీవితాలకు ఒకప్పుడు వకాల్తా పుచ్చుకున్న కుటుంబమే ఇప్పుడు వ్యతిరేకులకు ఉదాహరణగా మారింది. చట్టం తేలికపడటం వల్ల ఇలాంటి పెళ్లిళ్లు పెరుగుతాయన్న ఆందోళన ఒకవైపు ఉంటే, బయటికి వచ్చే దారి తెరిచి ఉంటే అవి నిలవడమే కష్టమవుతుందన్న వాదన మరోవైపు ఉంది. బ్రౌన్ కుటుంబ అనుభవం రెండో వాదనకే దగ్గరగా ఉంది, ఒక్క ఉదాహరణతో తేల్చగలిగినంత మేరకు.

ఫ్లాగ్‌స్టాఫ్ శివార్లలో 2018లో కొన్న స్థలానికి వారు కయోటీ పాస్ అని పిలుచుకునేవారు. నలుగురికి నాలుగు ఇళ్లు, మధ్యలో పిల్లలంతా ఆడుకునే జాగా అన్నది అప్పటి ఆలోచన. ఎవరి ఇల్లు ఎటు, చెరువు ఎవరి వాకిటికి దగ్గర అని నేల మీద నడుస్తూ వాదించుకున్న ఎపిసోడ్లు ఉన్నాయి. 2021 వేసవిలో జనెల్ అక్కడ ఒక ఆర్‌వీ బండిలో (ఇల్లులా అమర్చిన వాహనంలో) కొంతకాలం కాపురమున్నారు, ఆ నేల మీద ఆ కుటుంబం నిలిపిన నివాసం అదొక్కటే. క్రిస్టీన్ తన వాటాను నామమాత్రంగా 10 డాలర్లకు రాసిచ్చి వెళ్లారు. పునాది కూడా పడకుండానే 2025లో ఆ స్థలం అమ్ముడైంది.